దారిలో దిగే ఊరు

మొదటి మంచు పడ్డ రోజునే అమ్మ నడక ఆగిపోయింది. అప్పటిదాకా రోజూ పొద్దున్నే స్వెటర్ మీద నా పాత జాకెట్ వేసుకుని, మా ఇళ్ళ వరస చివర కాలిబాట తెగిపోయేదాకా నడిచి వచ్చేది. అక్కడ ఆరు లేన్ల రోడ్డు. అవతల కూరగాయల షాపు బోర్డు కనిపిస్తూనే ఉంటుంది గాని నడిచి దాటే వీల్లేదు. "కంటికెదురుగా ఉంది, కాళ్ళకందదు. ఇదేం ఊరే?" అంది. అమెరికాలో మేముండే నోవై గురించి అమ్మ అన్న మొదటి మాట అదే.

సెప్టెంబర్‌లో నా పురుడికి వచ్చింది. జెమీమా పుట్టి, నా సెలవు అయిపోయి, నేను మళ్ళీ ఆఫీసులో చేరేసరికి చలి ముదిరింది. మా ఆయన కెన్నీది కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం, పొద్దున్నే వెళ్ళిపోతాడు. ఆ వెనకే నేను. పగలంతా అమ్మా, పసిదీ, మూసిన కిటికీలూ, హీటర్ చప్పుడూ. పిల్ల కోసమని హాల్లో కెమెరా పెట్టాం. మీటింగులకీ మీటింగులకీ మధ్య ఫోన్లో చూసుకునేదాన్ని. చాలాసార్లు పిల్ల నిద్రపోతూ ఉండేది, అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండేది. టీవీ పెట్టేది కాదు. చేతిలో ఏమీ ఉండేది కాదు. బయట తెల్లటి వాకిలి, అందులో ఒక్క అడుగు జాడైనా ఉండేది కాదు. నేను ఫోన్ జేబులో పెట్టేసుకునేదాన్ని.

ఒక సాయంత్రం పప్పుచారు వడ్డిస్తూ అంది, "మార్చిలో వెళ్ళేటప్పుడు తిన్నగా హైదరాబాద్ వెళ్ళను. దారిలో దిగుతాను."

"దుబాయ్‌లోనా అత్తయ్యా?" అన్నాడు కెన్నీ.

"కాదు బాబూ, ఫిలిప్పీన్స్‌లో. నెనిత దగ్గర."

నా చిన్నతనంలో అమ్మ కువైట్‌లో ఒకళ్ళింట్లో పనిచేసింది. రాజోల్లో నన్ను పెంచింది అమ్మమ్మ. కువైట్ ఇంట్లో అమ్మతోపాటు పనిచేసిన ఇంకో మనిషి నెనిత. వంటింటి వెనక గదిలో ఇద్దరికీ ఒకటే మంచం. ఇప్పుడు ఆవిడ వాళ్ళ దేశంలో, బోహోల్ అనే దీవిలో ఉంటోంది. అమ్మకి ఆవిడ భాష రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆ వంటింట్లో నేర్చుకున్న అరబ్బీలోనే ఇప్పటికీ ఫోన్లో గలగలా మాట్లాడుకుంటారు. అవతలి గదిలో ఆ నవ్వులు వింటుంటే లోపల ఎవరో నాకు తెలియని మనిషి ఉన్నట్టు ఉండేది.

"ఒక్కదానివీ ఎలా వెళ్తావమ్మా? పోనీ మేం కూడా వచ్చినప్పుడు వెళ్దువుగాని."

"మీరెప్పుడొస్తారు?"

మా ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ అమెరికా వీసా స్టాంపు గడువు అయిపోయి చాలాకాలమైంది. ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికి కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. బయటికి వెళ్తే మాత్రం కొత్త స్టాంపు పడితే గాని తిరిగి రాలేం. ఆ చలికాలం మా ఆఫీసులో ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు కలిసినా అవే కథలు. చెల్లెలి పెళ్ళికని వెళ్ళి అపాయింట్‌మెంట్ దొరక్క అక్కడే ఉండిపోయిన భర్త, ఇక్కడ పిల్లలతో ఒంటరిగా భార్య. ఇల్లు కొనుక్కున్నాం, పిల్లని కన్నాం, గడప మాత్రం దాటలేం.

ఆదివారం ఒక స్కూలు జిమ్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన జరుగుతుంది. ప్రార్థన అయ్యాక పలావు తింటుంటే కృపావరంగారు కుర్చీ లాక్కుని మా పక్కకొచ్చారు. కాకినాడ మనిషి, ఓడల మీద పనిచేసి రిటైరయ్యారు. కొడుకు దగ్గరికి వచ్చి, చలి పోతే వెళ్దామని చూస్తున్నారు.

"వందనాలు చెల్లెమ్మా. ఫిలిప్పీన్స్ వెళ్తానంటున్నారట? మా ఓడలో సగం మంది ఆ దేశం వాళ్ళేనండి. మనీలా, సెబూ, అన్నీ దిగాను నేను."

"అయితే చెప్పండి అన్నయ్యగారూ," అంటూ అమ్మ పళ్ళెం పక్కన పెట్టేసింది.

ఆయనకి అంతకన్నా ఏం కావాలి? ఎయిర్‌పోర్టు బయట మేడమ్, మేడమ్ అంటూ వెంటపడేవాడి టాక్సీ ఎక్కొద్దన్నారు. పెద్ద నోటు చేతిలో పెడితే చిల్లర లేదంటారు, దిగగానే చిన్న నోట్లు చేసుకోమన్నారు. "బల్ల మీద మూతలు పెట్టిన గిన్నెలు వరసగా ఉంటాయే, అలాంటి పూటకూళ్ళల్లో తినండి. మూతలు తీసి చూసి, వేలు పెట్టి చూపిస్తే చాలు. భాషతో పనిలేదు. గదికి డబ్బు కట్టేముందు కుళాయి తిప్పి చూడండి. ఏసీ ఉందంటాడు, నీళ్ళుండవు. ఫ్యాను గది తీసుకోండి, సగానికి సగం తగ్గుద్ది."

అమ్మ ఒక్కొక్క దానికీ తలూపింది. చివర్లో ఆయన చేతులు తుడుచుకుంటూ, "అయినా ఈ వయసులో ఆడమనిషి ఒంటరిగా ఎందుకమ్మా చెప్పండి? చక్కగా మనవరాలితో ఆడుకోక," అన్నారు.

"కుళాయి సంగతి మాత్రం బాగా చెప్పారన్నయ్యగారూ," అంది అమ్మ.

క్రిస్మస్ వెళ్ళింది. కొత్త సంవత్సరంలో డేకేర్ వాళ్ళు ఫోన్ చేసి, ఆగస్టు దాకా ఖాళీ లేదన్నారు. నేనూ కెన్నీ కారులో మాట్లాడుకున్నాం. ఇంట్లో మాట్లాడుకోలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే కదిపాను.

"అమ్మా, ఇంకో ఆరు నెలలు ఎక్స్‌టెన్షన్ అప్లై చేద్దామా? జెమ్మీ నీకు అలవాటైపోయింది. ఎండాకాలం వస్తే ఇక్కడ ఎంత బాగుంటుందో. పార్కులకి తిరగొచ్చు."

"ఎవరు తిప్పుతారు?"

"శని, ఆదివారాలు మేం ఉంటాం కదా అత్తయ్యా," అన్నాడు కెన్నీ.

అమ్మ పాలసీసాలు కడుగుతూ ఉండిపోయింది. అవుననలేదు, కాదనలేదు. మేం అవుననే అనుకున్నాం.

ఆ వారమే కెమెరాలో ఒక వింత చూశాను. కాలేజీ రోజుల నాటి నా బ్యాగు అమ్మ వీపున ఉంది. పిల్లని ముందు గుడ్డతో కట్టుకుంది. డైనింగ్ టేబుల్ చుట్టూ తిరుగుతోంది, ఆగకుండా, రోడ్డు మీద నడిచినట్టే. సాయంత్రం ఇంటికి వెళ్ళి బ్యాగు ఎత్తి చూస్తే బరువుగా ఉంది. లోపల బియ్యం సంచి.

"ఏంటమ్మా ఇది?"

"భుజాలకి అలవాటవ్వాలి కదే. పెట్టె లాక్కుంటూ పడవలెక్కలేనంట. నెనిత చెప్పింది."

నవ్వేసి ఊరుకున్నాను. కెన్నీకి చెప్పాను. వాడూ నవ్వాడు.

తరవాతి శనివారం మధ్యాహ్నం కెన్నీ లాప్‌టాప్ తెరిచి, ఎక్స్‌టెన్షన్ అప్లికేషన్ మొదలుపెట్టాడు. పేరు, పుట్టిన తేదీ అడుగుతున్నాడు, అమ్మ టేబుల్ తుడుస్తూ చెబుతోంది.

"పాస్‌పోర్ట్ నంబర్ కావాలి అత్తయ్యా."

"నా పాస్‌పోర్ట్ ఏదీ?" అంది అమ్మ, నా వైపు తిరిగి.

"పైన బాక్స్‌లో ఉందమ్మా. నువ్వు దిగిన రోజే మా వాటితో పాటు పెట్టేశాను. అన్నీ ఒకచోట ఉంటే సేఫ్ అని."

"ఆళ్ళూ అదే అనేవోరు."

"ఎవరత్తయ్యా?"

"కువైట్‌లో మా మేడం. పోగొట్టుకుంటావు కరుణా, నా దగ్గరుంటే సేఫ్ అనేది." అమ్మ గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడవసాగింది. "మంచిదే పాపం. ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. పండగలకి బట్టలు పెట్టేది. ఆవిడ పిల్లలు నా చేతి కింద పెరిగినోళ్ళే."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

నేను పైకి వెళ్ళాను. అలమరలో బాక్స్ తీసి, నంబర్లు తిప్పి, మూత తెరిచాను. మా రెండు పాస్‌పోర్టుల కింద అమ్మది ఉంది. కిందికి తెచ్చి అమ్మకి అందించాను. తడి చెయ్యి చీరకి తుడుచుకుని తీసుకుంది, తెరిచి మాత్రం చూడలేదు.

"జెమ్మీకి పాల టైమయింది," అంటూ వెళ్ళిపోయింది.

కెన్నీ లాప్‌టాప్ మూసేశాడు. ఎక్స్‌టెన్షన్ మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

టికెట్ నేనే బుక్ చేశాను. ఫిబ్రవరి ఆదివారాల్లో, పిల్ల పడుకున్నాక, అమ్మా నేనూ సోఫాలో ఒకే దుప్పటి కప్పుకుని దీవుల మ్యాపులు చూసేవాళ్ళం. కొద్దిరోజులకైతే మన దేశంవాళ్ళని ఆ దేశంలోకి ముందస్తు వీసా లేకుండా రానిస్తారని తెలిసింది. తిరుగు టికెట్ మాత్రం చూపించాలి. సెబూలో విమానం దిగి, రేవుకి వెళ్ళి, పడవలో బోహోల్ చేరాలి. అనుమానం వస్తే నెనితకి ఫోన్. ఆవిడ అరబ్బీలో చెప్పేది, అమ్మ తెలుగులో నాకు చెప్పేది, నేను ఇంటర్నెట్‌లో సరిచూసేదాన్ని. ఆ ఊళ్ళలో జీప్‌నీలని పొడుగాటి బళ్ళుంటాయట. వెనక కూర్చున్నవాళ్ళ చార్జీ చేతులు మారుతూ డ్రైవర్ దాకా వెళ్తుందట, చిల్లర అలాగే వెనక్కి వస్తుందట. ఎవరూ మధ్యలో నొక్కెయ్యరా అని అమ్మ అడిగితే నెనిత ఎంత పెద్దగా నవ్విందంటే, పిల్ల లేచిపోయింది.

"మూడు పూటలా అన్నమేనంట. ఉప్పుచేప కూడా ఉంటదంట. మన రాజోలు లాగే ఉంది కదే," అంది అమ్మ. మళ్ళీ తనే, "నువ్వూ రాకూడదూ? పిల్లని ఎత్తుకుని రా. నాలుగు రోజులుండి నువ్విటు రా, నేనటు పోతా," అంది.

"రాలేనమ్మా. తెలుసుగా. వెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు."

"నీ పాస్‌పోర్టు ఎవరు లాక్కున్నారు?"

"ఎవరూ లాక్కోలేదు. నా దగ్గరే ఉంది."

"నీ దగ్గరుండి కూడానా?"

చెప్పబోయాను. స్టాంపు, అపాయింట్‌మెంట్, ఉద్యోగం, ఇంటి లోను, గ్రీన్‌కార్డు వరస. ఒక్కొక్కటీ నోటిదాకా వచ్చింది. దేనికీ నా చేతిలో తాళం లేదు. అమ్మ దుప్పటి అంచు లాగి నా కాళ్ళ మీద కప్పింది.

"అయితే నాకన్నా నీదే కష్టం," అంది.

మార్చి చివర్లో ఎయిర్‌పోర్టుకి బయల్దేరేసరికి రోడ్ల పక్కన మంచు నల్లబడి కుప్పలుగా ఉంది. చుట్టాలకి విటమిన్లు, చాక్లెట్లు ఏవీ పట్టుకెళ్ళనంది. వీపున ఒక్క బ్యాగు, అంతే. కెన్నీ కౌంటర్ దగ్గర వీల్‌చైర్ అడిగాడు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళందరికీ అదే బుక్ చేస్తాం, తోసుకెళ్ళేవాళ్ళు గేటు దాకా దిగబెడతారని. కుర్చీ వచ్చింది. అమ్మ దానివైపు చూసి, "ఎవరికి బాబూ?" అంది.

"మీకే అత్తయ్యా. తప్పిపోకుండా..."

"అడుక్కుంటూ పోతాను. నోరుంది."

జెమీమా నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నా బుగ్గ నిమిరింది. సెక్యూరిటీ వరసలో వెనక్కి చూడకుండా నడుస్తూ పోయింది. పిల్ల అమ్మ వెళ్ళిన వైపు చేతులు చాచి ఏడ్చింది. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు కిటికీ దగ్గర కుర్చీ వైపే చూసింది.

ఇంటి తీరు మారిపోయింది. సంఘంలో ఒక ఆంటీ జెమీమాని పగటిపూట చూసుకుంటానంది, కానీ మధ్యాహ్నం దాకానే. కెన్నీ తెల్లవారుజాము షిఫ్టుకి మారాడు. వాడు రాగానే పిల్ల వాడి చేతిలో. మేమిద్దరం కలిసి అన్నం తినడం శని, ఆదివారాలకే మిగిలింది. ఒకళ్ళనొకళ్ళు విసుక్కున్నాం. ఇంట్లో గరిటె ఎక్కడుందో కూడా తెలియలేదు.

సెబూలో దిగగానే అమ్మ ఫోన్ చేసింది. సిమ్ కొనుక్కుందట, వెంటపడ్డ టాక్సీవాణ్ణి అరబ్బీలో కేకలేస్తే పారిపోయాడట. రేపు పొద్దున్న పడవ అంది. ఆ మర్నాడు ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. నెనితకి చేశాను. ఆవిడ ఎత్తి, అమ్మ పేరు చెప్పి, ఇంకేదో గబగబా అంది. నాకు ఆ భాష రాదు. ఇంగ్లీషులో అడిగాను. "నో కరుణా. నో బోట్," అంది. ఆ తరవాత లైను తెగింది.

నో బోట్ అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. పడవ మునిగిపోయిందేమో అన్న ఒక్క అర్థమే తోచింది. ఆఫీసులో లేచి బయటికొచ్చి, కారులో కూర్చుని టికెట్లు వెతికాను. సీట్లున్నాయి. ఆ రోజు సాయంత్రమే బయల్దేరొచ్చు. బుక్ చేసే దగ్గర వేలు ఆగిపోయింది. వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తిరిగి రావడానికే. వెళ్తే జెమీమాని ఎప్పుడు చూస్తానో తెలియదు. వెళ్ళకపోతే, అక్కడ అమ్మకి ఏమైనా అయితే, ఈ కారులోనే కూర్చుని ఉంటాను.

కెన్నీకి ఫోన్ చేశాను. మెషిన్ల చప్పుడులో అంతా విన్నాడు.

"నువ్వెళ్ళు పర్సీ," అన్నాడు. "మేం ఎలాగో బతుకుతాం. ఎన్ని నెలలైతే అన్ని నెలలు. వెళ్ళు."

పెళ్ళయ్యాక వాడు నాతో అన్న మాటల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. నాకు ఏడుపొచ్చింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమే, నేనే. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. ఈ పక్కావిడది అడిగి చేస్తున్నా." వెనక పిల్లల గోల, ఎవరో నవ్వులు.

"ఎక్కడున్నావమ్మా?"

"రేవులోనే. గాలి లేచిందని పడవలు ఆపేశారు. అందరం ఇక్కడే చాపలేసుకున్నాం. ఎవరో అన్నం పెట్టారు, అరిటాకులో చుట్టింది. ఎందుకేడుస్తున్నావు?"

"ఏం లేదు."

"ఇను. నువ్వొచ్చేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకో. సముద్రం మీద గాలుంటే పడవ కదలదు. ఎప్పుడూ ఒక రోజు చేతిలో ఉంచుకుని టికెట్ కొనుక్కోవాలి. రేపు విమానం అనగా ఇవాళ దీవిలో ఉండకూడదు. అన్నయ్యగారు ఈ సంగతి చెప్పనేలేదు చూడు."

గాలి తగ్గాక బోహోల్ చేరింది. నాలుగు రోజులన్నది వారమైంది, హైదరాబాద్ టికెట్ ఇంకొన్నాళ్ళ తరవాతకి మార్పించుకుంది. నెనిత ఇల్లు రేకులదట, ముందు కొబ్బరిచెట్లు. పగలు ఇద్దరూ తిరుగుతారు, సాయంత్రం మెట్ల మీద కూర్చుని పాతరోజులు చెప్పుకుంటారు. మా ఇద్దరికీ ఫోన్ చెయ్యడం తగ్గించింది. చేసినప్పుడు మాత్రం ఏదో ఒకటి నేర్పేది. ఎండ ముదిరేలోపు పనులు చూసుకోవాలి, తాగేనీళ్ళ సీసా నింపే కొట్లుంటాయి, కొత్తవి కొనక్కర్లేదు, బేరం నవ్వుతూ ఆడాలి.

ఏప్రిల్ మొదట్లో ఒక సాయంత్రం, సంఘం ఆంటీ ఇంటి ముందు కారాపి ఉన్నాను. ఆ రోజు కెన్నీకి ఓవర్‌టైమ్, పిల్లని ఆంటీ ఆ ఒక్కరోజుకి సాయంత్రం దాకా ఉంచుకుంది. మంచు పూర్తిగా కరిగి గడ్డి చిత్తడిగా ఉంది. అమ్మ వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లారింది. జీప్‌నీలో కూర్చుని ఉంది, ఒక్కతే, ఒళ్ళో బుట్ట. నెనితకి ఒంట్లో బాలేదట, చేపలకి తనే బజారుకి వెళ్తోంది. గాలికి జుట్టంతా మొహం మీద పడుతోంది.

"మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా ఇక్కడికి?" అన్నాను.

"ఈసారి నువ్వు రా."

"అమ్మా..."

"ఎప్పుడని అడగటం లేదు. రా అంటున్నానంతే."

పక్కనెవరో ఇచ్చిన నాణేలు అమ్మ అందుకుని, ముందువాళ్ళకి అందించింది. అలవాటైన చెయ్యి.

"ఉండు, నా స్టాపొచ్చింది," అంటూ ఫోన్ పక్కకి పెట్టి, బండి పైకమ్మీని పట్టుకుని లేచి, గొంతెత్తి ఒక కేకేసింది. నాకు తెలియని మాట. తెలుగు కాదు, అరబ్బీ కూడా కాదు.

అంత పెద్ద బండీ, అంత మంది జనంతో, అమ్మ కోసం ఆగింది.